నీడ నెదుగు నీటిమొక్కలు



ముప్పది యేండ్లకు పైగా పాఠశాలలో తెలుగు పండితుడనై అమరమును, శబ్దమంజరిని, వ్యాకరణమును బోధించి విశ్రాంతి గొన్నవాడను. అట్టివాడు నేడు గాజుతొట్టిలో నీటిమొక్కలను పెంచు విధమును గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. నాకును మొదట వింతగనే తోచెను. కాని యీ విషయమున నేనొక తప్పు చేసితిని. తప్పు వలన నేర్చినదానిని నలుగురితో చెప్పుకొనుట ఉపాధ్యాయునకు ధర్మము. కనుక ఈ కొలదిపాటి సమయమును దానికే వినియోగింతును.

నా కుమార్తె హైదరాబాదున కాపురమున్నది. నిరుటి వేసవి సెలవులకు ఆమె కుమారుడు, పదేండ్ల బాలుడు, మా గ్రామమునకు వచ్చుచు ఒక గాజుతొట్టిని, రెండు బంగారు చేపలను వెంట దెచ్చుకొనెను. తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గలది. సెలవులు ముగిసి ప్రయాణమగునాడు బాలుడు నాకడకు వచ్చి, "తాతయ్యా, రైలులో ఇవి మరల అంతదూరము ఓర్వలేవు. సంక్రాంతికి వత్తును. అందాక వీనిని నీవు చూచుకొందువా?" అని యడిగెను. "చూచుకొందును నాయనా" యని మాట యిచ్చితిని.

మా యిల్లు గోదావరి సీమలోని పాతకాలపు మండువా లోగిలి. నడిమి మండువాలో తప్ప తక్కిన గదులలో పట్టపగలు సైతము వెలుతురు తక్కువ. మొక్కలకు ఎండ మేలు చేయునని తలచి, తొట్టిని మండువాలో ఎండ సూటిగా పడుచోట నుంచితిని. కాలువలోని పున్నాచు నాలుగు రెమ్మలు తెచ్చి అందు వేసితిని. వారము దినములలో నీరు పచ్చబారెను. పదవనాటికి చేపలు కంటి కగపడలేదు. అప్పుడు నేనేమి చేసితి ననగా, నీరంతయు పారబోసి, ఇసుకను ఏడుమారులు కడిగి, తొట్టిని లోపల బయట తోమి, పంచాయతీ కుళాయినీటితో మరల నింపితిని. తొట్టి తళతళలాడుట చూచి సంతోషించి నిద్రపోయితిని. తెల్లవారి చూడగా చేపలు రెండును వెల్లకిల తేలియున్నవి.

మా పొరుగువారు మంచివారు. "అట్టివే రెండు బస్తీలో దొరకును. కొని తెచ్చి వేయుడు. పసివానికి తెలియవచ్చునా?" అనిరి. తెలియకపోవచ్చును. కాని నాకు తెలియును గదా. టెలిఫోనులో చెప్పుటకు నోరాడక ఉత్తరము వ్రాసితిని. జరిగినది జరిగినట్లు వ్రాసి, క్షమింపుమని కోరితిని. వాని జవాబు ఒక్క వాక్యము: "తాతయ్యా, అవి ఎందుకు చనిపోయినవో కనుగొని నాకు చెప్పుము." ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటయే నా యీ విద్యకు ఆరంభము.

అమరమున నాచునకు జలనీలి యనియు, శైవల మనియు పేరులున్నవి. ఆ పేరులను వేయిమారులు వల్లింపజేసితిని గాని, నీట చేయి పెట్టి ఆ వస్తువును ఒకమారైనను పరిశీలించి యెరుగను. ప్రశ్న వచ్చిన పిమ్మట పుస్తకములు చదివితిని, ఎరిగినవారి నడిగితిని. తెలిసిన దిది.

1779వ సంవత్సరమున ఇంగెన్‌హౌస్ అను డచ్చి వైద్యుడు ఆకులను నీటిలో ముంచి, ఎండలో నుంచి చూచెను. ఆకులనుండి సన్నని బుడగలు పుట్టి పైకి వచ్చెను. చీకటిలో నుంచగా బుడగలు నిలిచిపోయెను. వెలుతురున్నప్పుడు మొక్క ప్రాణవాయువును విడుచునని, చీకటిలో అట్లు చేయదని ఆయన నిరూపించెను. పిమ్మట 1850లో రాబర్టు వారింగ్టను అను లండను రసాయన శాస్త్రజ్ఞుడు, గాజుపాత్రలో బంగారు చేపలను, వాలిస్నేరియా యను పట్టెడవంటి ఆకులుగల నీటిమొక్కను కలిపి పెంచిన వృత్తాంతమును ప్రకటించెను. కొంతకాలమునకు మొక్క యొక్క ముదురాకులు కుళ్లి నీరు చెడసాగెను. ఆయన నీటినత్తలను కొన్నింటిని అందు వేసెను. నత్తలు కుళ్లిన యాకును తినివేసి తొట్టిని నిలబెట్టెను. చేపకు మొక్క, మొక్కకు చేప, రెంటికిని నత్త. ఒకదాని విసర్జనము మరియొకదానికి ఆహారము. ఈ మూటికిని తూకము కుదిరిననే తొట్టి నిలుచును.

నా తొట్టిలో ఆ తూకమును నేనే చెరిచితిని. నీరు పచ్చబారుటకు కారణము కంటి కగపడని నాచుకణములు. ఎండ అధికమై, చేపల మలము వలన ఎరువును అధికమైన నీట అవి అన్ని మొక్కలకన్న వేగముగ పెరుగును. అది మొదటి తప్పు. కుళాయినీట క్రిములను చంపుటకు కలుపు క్లోరిను మనకు హాని చేయదు గాని, చేప మొప్పలను కాల్చును. అది రెండవ తప్పు. మూడవది అన్నిటికన్న సూక్ష్మమైనది. చేపల మలమునుండి అమోనియా యను విషము పుట్టును. ఇసుకను, రాళ్లను పట్టియుండు సూక్ష్మజీవులు కొన్ని దానిని నైట్రైటుగ మార్చును. అదియు విషమే. మరికొన్ని దానిని నైట్రేటుగ మార్చును. అది అంతగా హాని చేయదు, పైగా మొక్కలకు మేత. క్రొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు కుదురుకొనుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. మురికి యనుకొని నేను ఏడుమారులు కడిగి పారబోసినది ఈ పనివాండ్రనే. ఒక్క రాత్రిలో చేపలను చంపినది క్లోరినే కావలయును. అది చంపకున్నను మూడవ తప్పు నాలుగు దినములలో చంపియుండును.

ఇక నాకు కలిగిన ప్రశ్న యిది. ఎండలో తొట్టి నుంచరాదు. చీకటి గదిలో మొక్క పెరుగదు. మరి ఉపాయ మేమి? ఈ ప్రశ్నకు సమాధానము మన యాకుతోటలలోనే యున్నది. తమలపాకు వేయు రైతు ముందుగా అవిసె విత్తును. అవిసెనీడ పడిన పిమ్మటనే తీగను నాటును. ఎండ నోర్వని మొక్కలు, నీడనే కోరు మొక్కలు సృష్టిలో నున్నవి. నీటిమొక్కలలోను అట్టివి కలవు. దట్టమైన యడవులలో చెట్లనీడన పారు సెలయేళ్ల యొడ్డున పుట్టి పెరిగిన జాతులు కొద్ది వెలుతురునకే యలవాటుపడినవి. అందు మూటిని నేను తెప్పించితిని.

మొదటిది అనూబియాసు. ఇది పశ్చిమ ఆఫ్రికా అడవులది, మన చేమకుటుంబమునకు చెందినది. ఆకు దళసరిగా, ముదురాకుపచ్చగా నుండును. దీనికి పసుపుకొమ్మువంటి కొమ్ము గలదు. కాని పసుపుకొమ్మును మట్టిలో పాతుదుము, దీనిని పాతరాదు. పాతినచో కొమ్ము కుళ్లును. నూలుదారముతో ఒక రాతికి కట్టి నీట నుంచవలయును. కొన్ని వారములకు వేళ్లు రాతిని తామే పట్టుకొనును. రెండవది జావా ఫెర్ను. ఆగ్నేయాసియాది. మన యీశాన్య రాష్ట్రములలోను కలదు. దీనిని గూడ రాతికో కొయ్యకో కట్టవలయును. ముదిరిన యాకు అంచునను వెనుకను చిన్నచిన్న పిల్లమొక్కలు పుట్టుట దీని వింత. మూడవది క్రిప్టోకొరైను. నేను తెచ్చిన జాతి సింహళద్వీపపు సెలయేళ్లది. ఇదియు చేమకుటుంబమే. దీని వేళ్లను మాత్రము ఇసుకలో నాటవలయును.

తొట్టి నమర్చిన విధమును వరుసగా చెప్పెదను. రెండడుగుల తొట్టి నిండుగ సుమారు 56 లీటర్ల నీరు పట్టును. ఆ నీటి బరువే 56 కిలోలు. దానికి ఇసుక, గాజు, రాళ్ల బరువు అదనము. కనుక కదలని గట్టి బల్ల కావలయును. ముతక యేటి ఇసుకను, బియ్యము కడిగినట్లు, పై నీరు తేటపడు వరకు కడిగి రెండంగుళముల మందమున పరచితిని. ఇసుకలో ఆలుచిప్ప ముక్కలున్న యెడల ఏరివేయవలయును. అవి నీటిలో సున్నము చేర్చును. బావినీరు ఉప్పన కానిచో మేలు. కుళాయినీరైనచో వెడల్పయిన పాత్రలో ఒక పగలు, ఒక రాత్రి మూతలేక నిలువ యుంచిన క్లోరిను చాలవరకు గాలిలో కలిసిపోవును. ఆ పాత్ర రాగిది కారాదు. రాగి మన కెంత పవిత్రమైనను చేపలకును నత్తలకును విషము.

తొట్టిని ఈసారి ఎండ సోకని పడమటి గదిలో నుంచితిని. పైన చిన్న ఎల్.ఇ.డి. దీపము నొకదానిని అమర్చి, దినమునకు ఏడు గంటలు మాత్రమే వెలిగించితిని. వెలుతురు అధికమైనచో మొక్కకు ఆకలి అధికమగును. ఆ యాకలికి తగినంత బొగ్గుపులుసు వాయువు, ఎరువు దొరకనియెడల మొక్క నీరసించును, నాచుకణములు విజృంభించును. వెలుతురు మితమైనచో ఆకలియు మితము, పెరుగుదలయు మితము. విద్యుత్తు ఒకటి రెండు దినములు పోయినను ఈ మొక్కలకు ముప్పులేదు.

ఎరువు వేయుదమా యని రైతులెవరైనను అడుగుదురు. చేపలున్న తొట్టికి వాని మలమే యెరువు. పేడగాని, యూరియాగాని చిటికెడైనను వేయరాదు. యూరియా నీట అమోనియాగ మారి చేపలను చంపును. మరియొక భ్రమ గలదు. మొక్కలున్నవి గనుక చేపల నెన్నింటినైనను వేయవచ్చు ననుకొందురు. దీప మారిన పిమ్మట మొక్కలును మనవలెనే ప్రాణవాయువును పీల్చును. రాత్రి తొట్టిలో అందరును పుచ్చుకొనువారే, ఇచ్చువారు లేరు. కనుక చేపలు కొద్దిగ నుండవలయును. బంగారు చేపలు రెండడుగుల తొట్టికి తగినవి కావని అప్పుడే తెలిసినది. అవి పెద్దవిగ పెరుగును, మలము అధికము, లేతాకును కొరికివేయును.

శ్రావణమాసమున మొక్కలను నాటితిని. పదియవ దినమున క్రిప్టోకొరైను ఆకులు గాజువలె పారదర్శకములై, ఒక్కొక్కటిగ కరిగిపోసాగెను. పక్షము దినములకు ఇసుకపై ఏమియు మిగులలేదు. పెరికి పారవేయవలెనని చేయి నీటిలో పెట్టితిని. పెట్టి ఆగితిని. వెనుకటిసారి తొందరపడి కడిగినది జ్ఞాపకము వచ్చెను. చేయి వెనుకకు తీసికొని, చదివి తెలిసికొంటిని. ఈ మొక్క చోటు మారినపుడు పాత యాకుల నెల్ల విడుచును. వేరు మాత్రము బ్రదికియుండును. కదపక యుంచినచో క్రొత్తనీటికి తగిన క్రొత్తాకును తొడుగును. కుళ్లిన యాకులను మాత్రము తీసివేసి వేచితిని. మొక్కలతో వచ్చిన రెండు చిరునత్తలు తక్కిన మురికిని తినుచుండెను. ఇరువదిరెండవ దినమున ఇసుకలోనుండి సూదిమొనవంటి యాకు ఒకటి పైకి వచ్చెను. ఆ రోజున నాకు కలిగిన సంతోషము, మొద్దబ్బాయి యనిపించుకొనిన శిష్యుడు పరీక్షలో గట్టెక్కినప్పటి సంతోషమువంటిది.

సంక్రాంతివరకు అందు చేపలను వేయలేదు. చేపలు లేని నీట దోమలు గ్రుడ్లు పెట్టును గనుక తొట్టిపై దోమతెర గుడ్డను బిగించి కట్టితిని. వారమున కొకమారు నాలుగవ వంతు నీటిని మాత్రము తీసి, ఆ నీటిని పెరటి యరటికి పోసి, నిలువ నీటిని నింపుచుంటిని. ఇసుకను మరల కడుగలేదు.

ఇంత చెప్పినవాడను, మొదట తెచ్చిన పున్నాచు మాట చెప్పలేదు. దానిని విడిచిపెట్టుటకు కారణము కలదు. ఆ కారణము పెద్దలైన మీకు ముఖ్యముగ చెప్పవలసినది. శాస్త్రజ్ఞులు దీనిని హైడ్రిల్లా యందురు. ఇతర నీటిమొక్కలకు చాలని మసక వెలుతురున సైతము ఇది పెరుగును. ఆ మాట వినినపుడు నీడగదికి ఇంతకన్న తగిన మొక్క లేదనిపించును. కాని దీనికి మితము లేదు. అనుకూలమైన చోట దినమునకు అంగుళము వరకు సాగును. తెగిన చిన్న తునకయు మరియొక మొక్కయగును. మన చెరువులలో నిది యెల్లప్పుడును కలదు. దానిని తిను ప్రాణులును, ఎండిపోవు వేసవులును కలవు గాన అదుపులో నుండెను. 1950వ దశకమున గాజుతొట్టెల వ్యాపారులు దీనిని అమెరికాలోని ఫ్లోరిడాకు గొనిపోయిరి. తొట్టెలనుండి కాలువలలో పడినది. 1960 నాటికి అచ్చటి నీటిమార్గములలో కానవచ్చెను. పిమ్మట సరస్సులను, నదులను నింపివేసినది. పడవలు కదలవు, క్రింది మొక్కలకు వెలుతురు అందదు. మన యింటి నాచు పరాయిదేశమున రాక్షసియయ్యెను.

ఈ ఋణము మనకును తిరిగి వచ్చినది. మన కాలువలలో దట్టముగ పెరుగు గుర్రపుడెక్క దక్షిణ అమెరికాది. ఊదాపూవుల యందము చూచి తెచ్చినదే. వంగదేశమున దాని బాధ పడలేక 1936లో దానిని నిర్మూలించుటకు చట్టమునే చేసిరి. కేరళమున కోళికోడు జిల్లాలో 2020లో ఒక గ్రామపు కాలువ గులాబిరంగు పూలతో నిండగా జనులు తండోపతండములుగ చూడబోయిరి. అదియు దక్షిణ అమెరికానుండి వచ్చిన కబోంబా. గాజుతొట్టెలలో పెంచు మొక్కయే.

కనుక మీ మనుమలో, మనుమరాండ్రో తొట్టి తెచ్చుకొనినచో వారింపకుడు. ఒక నియమమును మాత్రము చెప్పుడు. తొట్టిలోని దేదియు, ఆకుగాని, నత్తగాని, చేపగాని, నీరుగాని, చెరువును కాలువను చేరరాదు. అధికమైన మొక్కలను ఎండలో గలగలలాడునట్లు ఎండబెట్టి పెంటగుంటలో వేయవలయును. చేపలు వలదనుకొనినచో మరియొకరి తొట్టికి ఈయవలయును. జాలిచే చెరువులో విడుచుట జాలి కాదు. ఆ చెరువు నమ్ముకొనిన పశువులకును, మనుష్యులకును అపకారము. చెరువును కాపాడుట పిల్లల వలన కాదు, మనవంటి పెద్దల పని.

సంక్రాంతికి మనుమడు వచ్చెను. బండి దిగినవాడు సరాసరి పడమటి గదిలోనికి పోయెను. తొట్టియెదుట గొంతు కూర్చుండి చాలసేపు చూచి, అనూబియాసు క్రొత్తాకులను వ్రేళ్లపై లెక్కించి, "తాతయ్యా, ఐదు నెలలకు ఐదాకులేనా?" యని నవ్వెను. "ఐదే నాయనా. అదియే దాని నడక" యంటిని. పిమ్మట వాని ప్రశ్నకు సమాధానము చెప్పితిని: ఎండ, కుళాయినీరు, కడుగుట, మూడు తప్పులును నావియే యని. వాడు విని, "ఇసుకలోని సూక్ష్మజీవుల సంగతి నాకును తెలియదు తాతయ్యా" యనెను. ఆ మాటతో నా మనస్సులోని భారము సగము దిగెను.

మరునాడు ఇరువురమును బస్తీకి పోయి, జీబ్రా డేనియో లనబడు చారల చిరుచేపలను ఆరింటిని తెచ్చితిమి. ఇవి మన దేశపు నీళ్లలో పుట్టినవే. సంచితోనే అరగంట నీటిపై తేల్చి, సంచిలోని నీటికి తొట్టినీటిని కొద్దికొద్దిగ కలిపి, చిన్నవలతో చేపలను మాత్రము తీసి విడిచితిమి. దీపము వెలిగించు పని వానిదే.

వాడు మరల హైదరాబాదు వెళ్లినాడు. చేపలు ఆరును కుశలము. అనూబియాసు ఆరవ యాకు తొడిగినది. ప్రతి యుత్తరమునను ఆకుల లెక్కను వ్రాయుచున్నాను.